కరెంటు పోయి వర్డ్ ఫైలు సేవ్ కాలేదు, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో తెరుచుకోవట్లేదు – రెండూ వెనక్కొస్తాయా?

కావలి డీటీపీ అడిగారు:

అన్నలందరికీ నమస్తే. రెండు ఫైళ్ల సంగతి. రెండూ రేపు మధ్యాహ్నం లోపల కావాల.

ఒకటి భాగపరిష్కార (ఆస్తి పంపకాల) దస్తావేజు, 14 పేజీలు, యూనికోడ్ తెలుగులో. సిస్టమ్ విండోస్ 10, వర్డ్ 2016, పాత 500 జీబీ హార్డ్‌డిస్క్. కొత్త డాక్యుమెంట్ తెరిచి రెండు గంటలు టైపు చేసింది. ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలా, పేరు కూడా పెట్టలా. గాలివానకి కరెంటు పోయింది, యూపీఎస్ అరనిమిషం కూడా నిలబళ్లా. కరెంటొచ్చాక వర్డ్ తెరిస్తే ఎడమ పక్కన ఏదో పట్టీ వచ్చిందంట, మా షాపు కుర్రాడు దాన్ని మూసేశాడు. ఏం నొక్కావురా అంటే చెప్పలేకపోతున్నాడు. ఇప్పుడు వర్డ్ తెరిస్తే ఆ పట్టీ రావట్లా.

రెండోది ఒక దావా ప్రతి, అను అనే పాత తెలుగు ఫాంట్లో చేసింది. పెన్‌డ్రైవ్‌లోనే ఉంచి దిద్దుతుంటే, సేవ్ అవుతుండగానే పెన్‌డ్రైవ్ పీకేశారు. సైజు 48 కేబీ అని చూపిస్తా ఉండాది గానీ, తెరిస్తే ఫైల్లో సమస్య ఉందని చెప్పి ఆగిపోతా ఉండాది.

రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదన్నా దించుకోమంటారా? ఏది మంచిది?

---

ఒంగోలు సిస్టమ్స్:

అన్నా, ముందు ఏ సాఫ్ట్‌వేరూ దించొద్దు. ఆ సిస్టమ్‌లో బ్రౌజర్ కూడా తెరవొద్దు, ఇక్కడికి ఫోన్‌లోంచే రాయండి. పొద్దున్నే రన్ పెట్టెలో టెంప్ అని కొట్టి అన్నీ డిలీట్ చేసే అలవాటు చాలా షాపుల్లో ఉంటది. రేపు మాత్రం ఆ పని చెయ్యొద్దని కుర్రాడికి గట్టిగా చెప్పండి.

మొదటి ఫైలు రెండు గంటల పని కాబట్టి దొరికే అవకాశం బాగానే ఉంది. వర్డ్ ఎవరూ అడక్కుండానే 10 నిమిషాలకోసారి ఒక కాపీ రాసి పెట్టుకుంటది, దాని పేరు ఆటోరికవర్. సెట్టింగు ఎవరూ కదిలించకపోతే మీరు పోగొట్టుకునేది ఆఖరి పది నిమిషాల టైపింగే. చాలామంది దీన్నీ ఆటోసేవ్‌నీ ఒకటే అనుకుంటారు. వర్డ్ పైన ఎడమ మూలన ఉండే ఆటోసేవ్ మీట వన్‌డ్రైవ్‌లో పెట్టిన ఫైళ్లకి, అదీ మైక్రోసాఫ్ట్ 365 ఉన్నవాళ్లకి. మీ 2016లో దాని సంగతి వదిలెయ్యండి.

ఆ కాపీలు రెండు చోట్ల ఉంటాయి, ఎందుకు పోయిందన్న దాన్నిబట్టి చోటు మారిద్ది.

కరెంటు పోయి వర్డ్ ఉన్నట్టుండి ఆగిపోతే కాపీ రోమింగ్ ఫోల్డర్‌లో ఉంటది. విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కండి, రన్ పెట్టె వచ్చిద్ది. అందులో శాతం గుర్తు, ఇంగ్లీషులో యాప్‌డేటా అనే మాట (ఏ-పీ-పీ-డీ-ఏ-టీ-ఏ), మళ్లీ శాతం గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్, దాన్లో వర్డ్. అక్కడ 'ఆటోరికవరీ సేవ్ ఆఫ్ డాక్యుమెంట్1' లాంటి పేరుతో, చివర ఏఎస్‌డీ ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు ఉందేమో చూడండి. విడి ఫైలు లేకపోతే డాక్యుమెంట్ పేరూ పక్కన కొన్ని అంకెలూ ఉన్న చిన్న ఫోల్డర్లు ఉంటాయి, వాటి లోపల కూడా చూడాలి. వ్యూలో 'హిడెన్ ఐటమ్స్', 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' రెండిటికీ టిక్కు పెట్టుకోండి, లేకపోతే సగం ఫైళ్లు కంటికే ఆనవు.

వర్డ్ మూసేటప్పుడు సేవ్ చెయ్యాలా అని అడిగితే 'డోంట్ సేవ్' కొట్టేశారనుకోండి, అప్పుడు కాపీ ఇంకో చోట ఉంటది. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్, 'రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్'. 2010, 2013 వర్డ్‌లో ఆ బటన్ పేరు మేనేజ్ వెర్షన్స్. 2007లో ఈ సౌకర్యమే లేదు. ఆ బటన్ తెరిచేది లోకల్ యాప్‌డేటాలో మైక్రోసాఫ్ట్, ఆఫీస్, అన్‌సేవ్డ్‌ఫైల్స్ అనే ఫోల్డర్‌ని. అక్కడ కాపీ 4 రోజులే ఉంటది, తర్వాత వర్డే తుడిచేసిద్ది. 'వచ్చే వారం చూద్దాంలే' అంటే కుదరదు.

ఇక కుర్రాడు మూసిన పట్టీ. దాన్ని మూసేటప్పుడు వర్డ్ ఒక ప్రశ్న వేసిద్ది: ఈ ఫైళ్లు తర్వాత చూస్తాను, లేదా వీటిని తీసెయ్యి, నాకు కావాల్సినవి సేవ్ చేసుకున్నాను. మొదటిది నొక్కి ఉంటే వర్డ్ పూర్తిగా మూసి మళ్లీ తెరిస్తే పట్టీ తిరిగొచ్చిద్ది. మీకు రావట్లేదంటే రెండోది నొక్కి ఉండొచ్చు. అయినా ఫోల్డర్ చూడకుండా ఆశ వదులుకోవద్దు. షాపులో విండోస్ లాగిన్లు రెండుంటే టైపు చేసిన లాగిన్‌లోకే వెళ్లి చూడండి, యాప్‌డేటా ఎవరిది వాళ్లకే.

ఫైలు కనబడితే దాని మీద రెండుసార్లు నొక్కి తెరవొద్దు. ముందు డీ డ్రైవ్‌లోకి ఒక కాపీ వేసుకోండి. తర్వాత వర్డ్‌లో ఫైల్, ఓపెన్, బ్రౌజ్, కింద 'ఆల్ ఫైల్స్' పెట్టి ఆ కాపీని తెరవండి. వర్డ్ మొరాయిస్తే ఆ కాపీనే అన్‌సేవ్డ్‌ఫైల్స్ ఫోల్డర్‌లో వేసి, 'రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్' బటన్ ద్వారా తెరిస్తే మామూలుగా తెరుచుకుంటది. తెరవగానే ఎఫ్12 నొక్కి డాక్స్‌గా (docx, వర్డ్ మామూలు ఫైలు రకం) వేరే పేరుతో సేవ్ చెయ్యండి.

---

ఫ్రీ సాఫ్ట్‌వేర్ బాబాయ్:

ఇంత తతంగం దేనికి? రెకువా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి స్కాన్ కొడితే పోయినవన్నీ వచ్చేస్తాయి.

---

ఒంగోలు సిస్టమ్స్:

బాబాయ్, రెకువా మంచిదే, కాదనను. కానీ అది డిస్క్ మీద ఒకప్పుడు రాసి, తర్వాత చెరిపేసినదాన్ని వెతికిద్ది. డాక్యుమెంట్ అసలు సేవే చెయ్యలేదు, ర్యామ్‌లో మాత్రమే ఉంది, కరెంటుతో పాటే పోయింది. డిస్క్ మీద పడని అక్షరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. డిస్క్ మీద పడింది ఆ ఏఎస్‌డీ కాపీ ఒక్కటే.

కుర్రాడు 'తీసెయ్యి' నొక్కి, ఫోల్డర్ ఖాళీగా ఉంటే అప్పుడు రెకువా అక్కరకొస్తది. ఆ ఏఎస్‌డీ రీసైకిల్ బిన్‌లోకి పోదు, నేరుగా చెరిగిపోయిద్ది. అప్పుడు కూడా రెకువాని ఆ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చెయ్యకూడదు. ఇంకో కంప్యూటర్లో పోర్టబుల్ వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దించి, దాంట్లోంచే నడపాలి. దొరికిన ఫైలుని కూడా పెన్‌డ్రైవ్‌లోకే రాయాలి. చెరిగిన ఫైలు చోటు ఖాళీ అని విండోస్ లెక్క వేసుకుంటది. ఆ సీ డ్రైవ్‌లో కొత్తగా ఏది రాసినా సరిగ్గా ఆ చోటే పడొచ్చు. బ్రౌజర్ తెరవొద్దన్నది కూడా అందుకే, అది నిమిషానికి ఎన్ని చిన్న ఫైళ్లు రాసిద్దో లెక్కుండదు.

మీది పాత హార్డ్‌డిస్క్ కావడం మీ అదృష్టం. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ అని ఒకటుంటది. ఫైలు చెరిపిన కాసేపటికే ఆ భాగాలు ఖాళీ అని విండోస్ చెప్పేసిద్ది, డ్రైవ్ వాటిని తుడిచేసుకుంటది. ఎస్‌ఎస్‌డీలో షిఫ్ట్-డిలీట్ కొట్టిన ఫైలు రెకువాలో పేరుతో సహా కనబడి, తెరిస్తే అన్నీ సున్నాలే ఉండేది ఇందువల్లే. డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ కొన్నా తేడా రాదు.

---

ట్రంకు రోడ్డు టెక్:

రెండో ఫైలు సంగతి నేను చెప్తా.

పెన్‌డ్రైవ్ పెట్టగానే 'ఈ డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచెయ్యమంటావా' అని విండోస్ అడగొచ్చు. ఇప్పుడే వద్దు. ఆ స్కాన్ ఫోల్డర్ల పట్టికని సరిచేసుద్ది గానీ, దిక్కులేని ముక్కల్ని ఫౌండ్.000 అనే హిడెన్ ఫోల్డర్‌లో సీహెచ్‌కే ఫైళ్లుగా పడేసుద్ది. పేర్లూ పోతాయి, ఏది ఏదో తెలవదు. ఇప్పటికే 'సరే' కొట్టేసుంటే ఆ ఫౌండ్ ఫోల్డర్ కూడా చూడాల్సిన చోటే. ముందు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ, హిడెన్ ఫైళ్లతో సహా, డీ డ్రైవ్‌లోకి కాపీ చెయ్యండి. ఇకనుంచీ పనంతా ఆ కాపీ మీదే.

ఇప్పుడు ఆ కాపీల్లో చూడండి. వర్డ్ సేవ్ చేసేటప్పుడు పాత ఫైలు మీదే నేరుగా రాయదు. పక్కన ఒక తాత్కాలిక ఫైలు రాసి, అది పూర్తయ్యాక పేర్లు మార్చుద్ది. మధ్యలో పీకేస్తే ఆ తాత్కాలిక ఫైలు అట్నే మిగిలిపోద్ది. పేరు ~ గుర్తుతో మొదలై, వెనక డబ్ల్యూఆర్‌డీ గానీ డబ్ల్యూఆర్‌ఎల్ గానీ, కొన్ని అంకెలు, చివర టీఎంపీ. అట్టాంటిది పదుల కేబీల సైజులో ఉంటే దానికి కాపీ తీసి, చివర టీఎంపీ తీసేసి డాక్స్ పెట్టి తెరవండి. ఒక్కోసారి చెడిపోయిన ఫైలు కంటే ఇదే నిండుగా ఉంటాది. ~$ తో మొదలయ్యే 162 బైట్ల ఫైలు చూసి మాత్రం మురిసిపోవద్దు. దాంట్లో ఉండేది ఫైలు ఎవరు తెరిచారన్న పేరే, డాక్యుమెంట్‌లో ఒక్క అక్షరం కూడా ఉండదు.

అది లేకపోతే 48 కేబీ ఫైలు కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గుర్తులే కనపడతాయి, భయపడొద్దు. మొట్టమొదటి రెండు అక్షరాలు చూడండి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పీ, కే ఉంటే డాక్స్ తలకాయ బాగుందని లెక్క. పీకే లేకుండా తెల్లగా, ఖాళీల మాదిరి ఉంటే ఆ ఫైలు నిండా సున్నాలే. సైజు రాసుకున్నాక, లోపలి సరుకు రాసేలోపు డ్రైవ్ పోయిందన్నమాట. ఆ ఫైలు మీద ఇంక టైము వృథా చేసుకోవద్దు.

పీకే ఉందా? అయితే ముందు వర్డ్‌నే అడుగుదాం. ఫైల్, ఓపెన్, బ్రౌజ్, ఫైలు ఎంచుకుని, 'ఓపెన్' బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కి 'ఓపెన్ అండ్ రిపేర్'. అదే పెట్టెలో 'రికవర్ టెక్స్ట్ ఫ్రమ్ ఎనీ ఫైల్' అని ఇంకోటి ఉంటాది. అది పాత డాక్ ఫైళ్లకి పనికొచ్చేది. డాక్స్ లోపలంతా కుదించిన జిప్ కాబట్టి దీనికి చెత్తే ఇస్తాది.

అవును, డాక్స్ అంటే జిప్పే. మీ ఫైలు చెడింది ఎందుకో అక్కడే తెలుస్తాది. జిప్‌లో లోపలి ఫైళ్ల పట్టిక చిట్టచివర ఉంటాది. సేవ్ అవుతుండగా పీకితే తెగిపోయేది చివరే. పట్టిక లేదు గనక వర్డ్ చేతులెత్తేస్తాది, సరుకు మాత్రం ముందరి భాగంలో ఉండొచ్చు. కాపీకి డాక్స్ తీసి జిప్ పెట్టండి. విన్‌రార్ తెరిచి ఆ ఫైలు ఎంచుకుని, టూల్స్‌లో 'రిపేర్ ఆర్కైవ్'. ఏ రకమని అడిగితే జిప్ అని చెప్పండి. 'రీబిల్ట్' అని ముందు తగిలించి కొత్త ఫైలు తయారు చేస్తాది. దాన్ని మళ్లీ డాక్స్ చేసి వర్డ్‌లో తెరిచి చూడండి.

అప్పటికీ తెరుచుకోకపోతే రీబిల్ట్ జిప్‌ని విప్పి, లోపల వర్డ్ అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్.ఎక్స్‌ఎంఎల్ బయటికి తీయండి. మీ రాతంతా దాంట్లోనే ఉంటాది. నోట్‌ప్యాడ్‌లో ఒకటే లైనుగా వస్తాది, చదవలేం. మొదటి ఫైలు దొరికాక గానీ, ఇంకో సిస్టమ్‌లో గానీ క్రోమ్‌లోకి లాగితే, ఫైలు తెగకుండా ఉంటే, వరసలుగా కనపడతాది. తెగిపోయుంటే ఎర్రర్ చూపిస్తాది, అప్పుడు నోట్‌ప్యాడే గతి.

ఇప్పుడు అను ఫాంట్ సంగతి, మన షాపులోళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే. ఎక్స్‌ఎంఎల్‌లో తెలుగు కనపడదు. ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న అక్షరాలు కలగాపులగంగా కనపడతాయి. అది పాడైపోవడం కాదు. అను పాత 8 బిట్ల ఫాంటు, తెలుగు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టింది. ఫాంటు ఊడిపోతే ఆ స్థానాలే కనపడతాయి. ఆ రాతని వర్డ్‌లో అతికించి, మొదట వాడిన అను ఫాంటునే మళ్లీ పెడితే తెలుగు తిరిగొస్తాది. మధ్యలో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చెయ్యాల్సి వస్తే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 పెట్టండి. ఏఎన్‌ఎస్‌ఐ పెడితే కొన్ని గుర్తులు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, ఇంక వాటికి తిరుగుండదు. మొత్తం ఎంచుకుని అను ఫాంటు కొట్టినప్పుడు పాన్ నంబర్లు, ఈమెయిళ్లు, ఇంగ్లీషు పేర్లు కూడా తెలుగు ముక్కలైపోతాయి. వాటిని చేత్తో మళ్లీ ఇంగ్లీషు ఫాంటుకి మార్చుకోవాల.

ఇంకోమాట, దీన్నే ముందు చూసినా తప్పులేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నా, ఆటోరికవర్ కాపీ పడేది షాపు సిస్టమ్ సీ డ్రైవ్‌లోనే. పైన ఒంగోలు అన్న చెప్పిన రోమింగ్ ఫోల్డర్‌లో దావా ఫైలు పేరుతో కూడా ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే ఈ జిప్ గోలంతా అక్కర్లేదు. ఇంకోసారి ఎవరన్నా పెన్‌డ్రైవ్ పీకితే, వర్డ్ ఇంకా తెరిచే ఉంటే మూయొద్దు. ఎఫ్12 కొట్టి డీ డ్రైవ్‌లో సేవ్ చెయ్యండి. డాక్యుమెంట్ ఇంకా ర్యామ్‌లోనే ఉంటాది.

---

పొదిలి మాష్టారు:

లిబ్రెఆఫీస్ వాడేవాళ్ల కోసం రెండు ముక్కలు. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లో ఆటోరికవరీ ఎన్ని నిమిషాలకో పెట్టుకోవచ్చు. ఆ పక్కనే 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ' ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. సేవ్ కొట్టిన ప్రతిసారీ అంతకు ముందరి ప్రతి బీఏకే ఎక్స్‌టెన్షన్‌తో రోమింగ్‌లో లిబ్రెఆఫీస్, 4, యూజర్, బ్యాకప్ ఫోల్డర్‌లో పడుతుంది. పిల్లలు ప్రశ్నపత్రం మీద వేరే క్లాసుది ఓవర్‌రైట్ చేసినా పాతది అక్కడుంటుంది.

గూగుల్ డాక్స్‌లో సేవ్ అనే గొడవే లేదు. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే పాత ప్రతులన్నీ గంటల వారీగా కనబడతాయి. డిలీట్ చేసినది ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది.

కావలి వారికి ఇంకొక దారి. దావా ప్రతికి ప్రూఫ్ ప్రింటు తీసి వకీలు గారికి ఇచ్చే ఉంటారు కదండీ? ఆ కాగితాన్ని పైనుంచి తిన్నగా, నీడ పడకుండా ఫోటో తీయండి. గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, 'ఓపెన్ విత్ గూగుల్ డాక్స్' కొట్టండి. బొమ్మ కింద తెలుగు టెక్స్ట్ వస్తుంది. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి, పేజీకొక ఫోటో మేలు. వత్తుల దగ్గర, ళ-శ దగ్గర తప్పులొస్తాయి, కానీ మళ్లీ మొదటినుంచి టైపు చేయడం కంటే దిద్దుకోవడం సులువు. వచ్చేది యూనికోడ్ తెలుగు, అను కాదు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి ఉంటే దాన్ని వర్డ్‌లో తెరవడం కంటే ఈ పద్ధతే నయం. పీడీఎఫ్‌లోంచి నేరుగా తీసిన తెలుగులో గుణింతాలు చెదిరిపోతాయి.

---

కావలి డీటీపీ:

ఒంగోలు అన్నా, రోమింగ్‌లో వర్డ్ ఫోల్డర్‌లో ఉండాది! ఆటోరికవరీ సేవ్ ఆఫ్ డాక్యుమెంట్1, 61 కేబీ. రెండుసార్లు నొక్కితే తెరుచుకోలా, మీరు చెప్పినట్టు అన్‌సేవ్డ్‌ఫైల్స్‌లో వేసి తెరిస్తే వచ్చింది. 13 పేజీలుండాయి. 14వ పేజీలో 'సి' షెడ్యూలు హద్దులు లేవు, అంతే.

దావా ఫైలుకి రోమింగ్‌లో ఏమీ లేదు. టీఎంపీ కూడా లేదు. నోట్‌ప్యాడ్‌లో పీకే ఉండాది. విన్‌రార్ రిపేర్ చేశాక వర్డ్ తెరవలా, ఎక్స్‌ఎంఎల్ మాత్రం వచ్చింది. అను ఫాంటు పెడితే తెలుగు వచ్చింది గానీ, ఒక పేరా మధ్యలో ఆగిపోయుండాది. తర్వాతిది ఎట్టా తీయాల? ఇంకా, ఇట్టాంటిది మళ్లీ జరక్కుండా సెట్టింగులు కూడా చెప్పండి.

---

ట్రంకు రోడ్డు టెక్:

ఆగిపోయిన తర్వాతది ఆ ఫైల్లో లేదన్నా. కుదించిన రాత ఒక దారంలాంటిది. తెగిన చోటిదాకా విప్పగలం, తెగిన అవతల ముక్క పెన్‌డ్రైవ్ మీద పడనే లేదు. అక్కడినుంచి మాష్టారు చెప్పినట్టు ప్రూఫ్ ప్రింటు ఫోటోనే దారి. ముందు రోజు ప్రతి మెయిల్లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉంటే అది ఇంకా మేలు. వర్డ్‌లో రివ్యూ, కంపేర్ కొట్టి, పాత ప్రతినీ ఇప్పుడు దొరికినదాన్నీ పక్కపక్కన పెట్టండి. ఎక్కడెక్కడ తేడా ఉందో రంగుల్లో చూపిస్తాది.

దస్తావేజుకి ఒక జాగర్త. ఆటోరికవర్ కాపీ ఆఖరి పది నిమిషాలకి ముందరిది. ఆ పది నిమిషాల్లో వెనక్కెళ్లి ఎక్కడన్నా విస్తీర్ణమో సర్వే నంబరో దిద్దుంటే, ఆ దిద్దుబాటు పోయి పాత అంకె మళ్లీ వచ్చి కూర్చోనుంటాది. 13 పేజీలూ ఉన్నాయి గదా అని షెడ్యూలు ఒక్కటే కొట్టి ప్రింటు ఇవ్వొద్దు. అంకెలన్నీ పాత దస్తావేజులతో మొదటినుంచి సరిచూసుకోవాల.

---

ఒంగోలు సిస్టమ్స్:

సెట్టింగుల సంగతి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్. ఆటోరికవర్ నిమిషాలు 1 నుంచి 120 దాకా పెట్టుకోవచ్చు. మీకు 3 పెట్టండి. 1 పెడితే పాత హార్డ్‌డిస్క్ మీద, ఫోటోలున్న పెద్ద ఫైళ్లలో నిమిషానికోసారి కర్సర్ ఆగి విసిగించిద్ది. దాని కింద 'సేవ్ చెయ్యకుండా మూస్తే ఆఖరి ఆటోరికవర్ ప్రతి ఉంచు' అనే టిక్కు తప్పకుండా ఉండాలి. అది తీసేసి ఉంటే 'డోంట్ సేవ్' కొట్టిన ఫైలు అన్‌సేవ్డ్‌ఫైల్స్‌లో దొరకదు.

తర్వాత అడ్వాన్స్‌డ్‌లోకెళ్లి చాలా కిందికి దిగితే సేవ్ విభాగంలో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్ కాపీ' ఉంటది. పెట్టుకుంటే ప్రతి సేవ్‌కీ ముందరి ప్రతి 'బ్యాకప్ ఆఫ్' అన్న పేరుతో, డబ్ల్యూబీకే ఎక్స్‌టెన్షన్‌తో అదే ఫోల్డర్‌లో ఉంటది. ఒకరి దస్తావేజు తెరిచి, పేర్లు మార్చి, 'సేవ్ యాజ్' బదులు సేవ్ కొట్టడం మన షాపుల్లో రోజూ జరిగేదే. అప్పుడు ఈ డబ్ల్యూబీకే ప్రాణం పోసిద్ది, కాకపోతే రెండోసారి సేవ్ కొట్టేలోపే గుర్తించాలి. ఫైలు ఇంకా మూయకపోతే అదీ అక్కర్లేదు. సేవ్ చేసినా కంట్రోల్+జెడ్ పనిచేసిద్ది, వెనక్కి పోతూ పోతూ పాత పేర్ల దాకా వెళ్లి ఎఫ్12 కొట్టండి.

ఇది చదివే నెట్ సెంటర్ల వాళ్లకి ఒకటి. సీ డ్రైవ్‌ని డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో, ఏ మార్పూ నిలవకుండా బిగించి ఉంటే, రీస్టార్ట్ అవ్వగానే యాప్‌డేటా కూడా పాత స్థితికి పోయిద్ది. కరెంటు పోయిందంటే ఏఎస్‌డీ కూడా పోయినట్టే. అదే సేవ్ పేజీలో 'ఆటోరికవర్ ఫైల్ లొకేషన్' ఉంటది, ఫ్రీజ్ తీసి, దాన్ని డీ డ్రైవ్‌లోని ఫోల్డర్‌కి మార్చి, మళ్లీ ఫ్రీజ్ చెయ్యండి. డీ డ్రైవ్ ఫ్రీజ్‌లో లేకుండా చూసుకోండి.

యూపీఎస్ అరనిమిషం నిలబడలేదంటే బ్యాటరీ అయిపోయినట్టే. లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, రెండు మూడేళ్లకి మించి నమ్మకూడదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో పెడితే అంతకు ముందే పోయిద్ది. మొత్తం యూపీఎస్ కొననక్కర్లేదు, బ్యాటరీ మారిస్తే సరి. దానికి లేజర్ ప్రింటర్ గాని తగిలించి ఉన్నారా? ఉంటే ఇప్పుడే తీసి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టండి. ప్రింటర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి 600 వీఏ యూపీఎస్ తట్టుకోలేదు, కరెంటు ఉన్నప్పుడు కూడా కీచుమని ఆగిపోయిద్ది. సీపీయూ, మానిటర్ రెండే దాని మీద ఉంచండి.

---

కావలి డీటీపీ:

ప్రింటర్ దానికే ఉండాదన్నా. ఇప్పుడే పీకేశా. దావాకి ప్రూఫ్ కాగితాలు దొరికినాయి, ఫోటోలు తీస్తుండా. మాష్టారూ, స్టాంపు ముద్ర పడిన చోట అక్షరాలు రావట్లా, ఏం చెయ్యాల?

---

పొదిలి మాష్టారు:

ముద్ర ఊదారంగుదైతే ఫోటోని ఫోన్‌లోనే ఎడిట్‌లో నలుపు-తెలుపు చేసి, కాంట్రాస్ట్ పెంచి ఎక్కించండి, చాలా వరకు వస్తాయి. నల్ల ఇంకు ముద్రయితే ఆ రెండు వరసలూ చేత్తో కొట్టుకోవడమేనండీ.